పారబోసిన నీళ్లలో రంగు

మా అమ్మ వంటింట్లో రాత్రి నిలవున్న నీళ్లు పొద్దునకు పనికిరావు. బిందెలో సగం మిగిలినా, చెంబులో గుక్కెడు మిగిలినా, తెల్లవారగానే అన్నీ పెరట్లో కరివేపాకు మొదట్లో పోసేయాల్సిందే. తర్వాత చింతపండుతో బిందె తోమి, కొత్త నీళ్లు పట్టి, అప్పుడు పొయ్యి వెలిగించేది. తిరుపతిలో కొళాయి రెండు రోజులకొకసారి వచ్చే వేసవిలో కూడా ఆ పద్ధతి తప్పలేదు. నాయన కొండ మీద గుడి కొలువులో ఉండేవాడు. ఇంట్లో మడి చాదస్తం ఆయనకంటే అమ్మకే ఎక్కువ. "పాసి నీళ్లమ్మే అవి. రాత్రి నీళ్లు రాత్రితోనే పోవాల," అనేది. నేను పెళ్లై వేరే ఇంటికి వెళ్లినా, ఆ ఇంటి నుంచి తిరిగొచ్చి ఒక్కదాన్నే గది తీసుకుని ఉంటున్నా, నా చేతులు మాత్రం అమ్మ చేతుల్లాగే పనిచేశాయి. కళ్లు తెరవగానే ముందు నిలవ నీళ్లు పారబోయడం, ఏదైనా ఆ తర్వాతే.

ఈ అలవాటు వల్ల ఒక కాలేజీ ప్రయోగశాలలో నెలన్నర పాటు ఒక రంగు రాకుండా పోయింది. కారణం నేనేనని కనిపెట్టింది కూడా నేనే. నేను నోరు విప్పకపోతే ఆ రెండూ ఎవరికీ తెలిసేవి కావు. విప్పాను. విప్పకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనను. ఎవరి దగ్గర విప్పానో ఆ మనిషి గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను చదివింది ఇంటర్ వరకే. తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, సూక్ష్మజీవుల ప్రయోగశాలలో అటెండరుగా చేరి పదకొండేళ్లు దాటింది. గాజు సామాన్లు కడగడం, వాటిని ఆవిరి పాత్రలో పెట్టి శుద్ధి చేయడం, పిల్లల ప్రాక్టికల్స్‌కు బల్లలు సర్దడం నా పని. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. శుక్రవారం దానికి సెలవు. మిగతా రోజుల్లో కాలేజీ వదలగానే నేరుగా అక్కడికే. సైన్సు బీరువాలో తెలుగు పుస్తకాలు అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. కొన్ని పుస్తకాల వెనక అట్టకు అంటించిన చీటీ మీద తేదీలన్నీ నేను తీసుకున్నవే. ఆ చీటీలు చూసుకుంటే గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు. లైబ్రేరియన్ నన్ను చూడగానే, "ఏమ్మా, ఈ వారం పురుగులా, నక్షత్రాలా?" అని అడిగేవాడు.

"పురుగులు కావు సార్, బాక్టీరియా."

"కంటికి కనపడనివన్నీ నాకు పురుగులేలేమ్మా. సంతకం పెట్టు," అని రిజిస్టరు ముందుకు తోసేవాడు.

నేను నోరు విప్పింది మేడమ్ దగ్గర. ఆమె మా కాలేజీలో లెక్చరర్‌గా చేరి, ఇదంతా మొదలయ్యేనాటికి మూడేళ్లు. చిత్తూరు మనిషి. వాళ్లది మామిడి వ్యాపారం, బంగారుపాళ్యం దగ్గర తోట ఉంది. నాకన్నా ఐదారేళ్లు చిన్న. పాఠాలు చెబుతూనే డాక్టరేట్ కోసం పరిశోధన చేసేది. నా చేతిసంచిలో పుస్తకం చూసి మొదట ఆమే పలకరించింది.

"ఏందక్కా ఇది? నువ్వు సదవతా ఉండావా?"

"అవును మేడమ్."

"అర్థమవతాదా?"

"సగం అవుతాది. మిగతా సగం రెండోసారి సదివితే అవుతాది."

ఆమె నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. మరుసటి రోజు తను డిగ్రీలో చదివిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నేళ్ల ఉద్యోగంలో నన్ను "ఏమ్మా", "ఇదిగో" అని పిలిచినవాళ్లే గాని, చదువుకున్నవాళ్లెవరూ అక్కా అని పిలవలేదు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పేవాళ్లం. మా ఇంట్లో వెల్లుల్లి తినమని తెలిసి, వాళ్లమ్మతో చెప్పి వెల్లుల్లి లేని ఆవకాయ విడిగా పెట్టించి, చిన్న జాడీలో నాకోసం తెచ్చింది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఆ ప్రేమ అబద్ధమని నేను ఇవాళ కూడా అనుకోవడం లేదు. అబద్ధమైతే మరిచిపోవడం సులువుగా ఉండేది.

ఆమె పరిశోధన రంగు గురించి. పట్టు దారానికి రసాయనాల రంగు కాకుండా, బాక్టీరియా తమంతట తాము తయారుచేసే ఊదా రంగు ఎక్కించాలని. ఆ రకం బాక్టీరియా తడిమట్టిలో, నిలవ నీటిలో ఉంటుంది. ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి వాళ్ల తోటకు వెళ్లాం. సీజను కావడంతో హైవే పొడుగునా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే లారీలు, ట్రాక్టర్లు. దిగేసరికి ఇద్దరి చీరలకూ మామిడి జీడి వాసన. బోరు కాలువ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిన్న సీసాల్లో మట్టి ఎత్తుతుంటే వాళ్ల నాయన వచ్చాడు.

"ఏమ్మే, ఇంత సదువు సదివి ఈడికొచ్చి మట్టెత్తుకోని పోతా ఉండావా? తిరపతిలో మట్టి దొరకదా?"

"ఇది వేరే మట్టి నాయనా. దీంట్లో రంగుండాది."

"రంగుంటే నా కాయలకు పూయమ్మా, మండీలో ఇంకో రూపాయి ఎక్కువొస్తాది," అని, నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పమ్మా దానికి," అన్నాడు. నేను ఆ ఇంటి మనిషినే అన్నట్టు.

ఆ మట్టిని నీళ్లలో కలిపి, గాజు పళ్లేల్లో పోసి గడ్డకట్టించిన పోషక జిగురు మీద పూశాం. మూడో రోజు తెల్ల చుక్కల మధ్య ఒక్క చుక్క వేరే రంగులో కనిపించింది. నేరేడుపండ్లు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు. ఆ చుక్కను వేరు చేసి పెంచితే పళ్లెం మొత్తం అదే రంగు పరుచుకుంది. మేడమ్ నా రెండు చేతులు పట్టుకుని గట్టిగా ఊపింది. ఇక దారానికి పట్టించడమే మిగిలింది, నెల రోజుల్లో అయిపోతుందనుకున్నాం.

కాలేదు. పెద్ద గాజు జాడీలో పోషక ద్రవం పోసి, అందులో పట్టుదారం వేలాడదీసి, బాక్టీరియా వేసి మూత బిగించాం. ఆ ద్రవం మాంసపు సారంతో చేస్తారని డబ్బా మీద చదివిన రోజు నేను అన్నం ముట్టలేదు. తర్వాత అలవాటైంది. బాక్టీరియా దారాన్ని పట్టుకుని జిగటగా పెరిగింది. రంగు మాత్రం లేదు. వారం చూశాం, రెండు వారాలు చూశాం. దారం పాలమీగడ పట్టినట్టు తెల్లగానే ఉంది. మేడమ్ ముందు దారాన్ని అనుమానించింది, వేరే దుకాణం నుంచి తెప్పించింది. తర్వాత వేడిని, ఆ తర్వాత కరెంటు కోతలను అనుమానించింది. ఆమె గైడు ఫోన్లో ఏమనేవాడో గాని, మాట్లాడి వచ్చాక కాసేపు కిటికీ దగ్గర నిలబడేది. మధ్యాహ్నం క్యారియర్ విప్పేది కాదు.

జాడీలు చూసుకునే పని నాది. "శుభ్రంగా చూసుకో అక్కా, నీ చేతిలో పెట్టినాను," అని ఆమె చెప్పింది. నేను శుభ్రంగానే చూసుకున్నాను. ప్రతిరోజూ ఎనిమిదింటికి, పిల్లలు రాకముందే వెళ్లి, స్పిరిటు దీపం వెలిగించి, వేరే క్రిములు పడకుండా దాని సెగ దగ్గర మూత తీసి, రాత్రి నిలవున్న ద్రవాన్ని వంచేసి, ఆవిరి పాత్రలో శుద్ధి చేసిన కొత్త ద్రవం పోసేదాన్ని. దారానికి పట్టుకున్నవి దారంతోనే ఉంటాయి కదా, మురికే పోతుందని నా లెక్క. అట్లా చేయమని నాకెవరూ చెప్పలేదు. చేయవద్దనీ చెప్పలేదు. చేస్తున్నానని నేనూ చెప్పలేదు, అది చెప్పాల్సిన విషయమని తోచక. పొద్దున్నే పళ్లు తోముకున్నానని ఎవరికైనా చెబుతామా?

అప్పుడే గ్రంథాలయానికి ఎవరో రిటైరైన మనిషి ఇచ్చిన పుస్తకాల కట్టలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. బాక్టీరియా ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయో అందులో ఒక పెద్ద అధ్యాయం. పన్నెండు రోజులు పట్టింది నాకు దాన్ని దాటడానికి. మాట్లాడుకోవడమంటే శబ్దం కాదు. ప్రతి కణమూ ఒక చిన్న అణువును తయారుచేసి చుట్టూ ఉన్న నీటిలోకి వదులుతూ ఉంటుంది. నేనున్నాను, నేనున్నాను అన్నట్టు. నాలుగే కణాలుంటే ఆ అణువులు నీటిలో ఎక్కడో కలిసిపోతాయి. కణాలు పెరిగేకొద్దీ అణువులూ నీటిలో చిక్కబడతాయి. ఒక హద్దు దాటాక అవి తిరిగి కణాల్లోకే చేరి, నిద్రపోతున్న జన్యువులను లేపుతాయి. మనం ఇంతమంది అయ్యామని అన్నింటికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పుడు అన్నీ కలిసి రంగు తయారుచేయడం మొదలుపెడతాయి. అంతవరకూ ఏదీ ఒంటరిగా ఆ కష్టం పెట్టుకోదు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో మనకు తెలిసిన మాటే ఉంది, కోరం. పంచాయతీ సమావేశంలో కోరం లేకపోతే తీర్మానం చేయరు కదా, అట్లాగే ఇక్కడ కోరం లేకపోతే రంగు లేదు.

చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. చుట్టూ ఉన్న నీరు కొట్టుకుపోతూ ఉంటే, కణాలు ఎన్ని ఉన్నా వాటి సందేశం చిక్కబడదని ఉంది. నిఘంటువు చూడనవసరం లేకుండానే అర్థమైంది. రెండోసారి చదవలేదు కూడా. ఆ చిన్న ప్రాణులు రాత్రంతా ఒకదానికొకటి చెప్పుకున్న మాటలన్నీ ప్రతి ఉదయం ఎనిమిదింటికి నేనే వంచి పారబోస్తున్నాను. గాజు పళ్లెంలో రంగు ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. జిగురును ఎవరూ వంచలేరు కదా.

ముఖం వేడెక్కింది. పక్క కుర్చీలో పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయి, "ఏమైంది ఆంటీ?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. లోపల మాత్రం సిగ్గూ సంతోషమూ రెండూ ఉన్నాయి, ఏది ఎక్కువో చెప్పలేను. నెలన్నర పని పాడుచేశానన్న సిగ్గు. ఆ కారణాన్ని చీటీ మీద నా తేదీలే ఉన్న పుస్తకాల వల్ల కనుక్కున్నానన్న సంతోషం.

మరుసటి రోజు మేడమ్ రాగానే తలుపు దగ్గరే చెప్పేశాను. అమ్మ బిందె సంగతి, కరివేపాకు మొదలు, పాసి నీళ్ల మాట, అన్నీ. ఆమె చేతిసంచి బల్ల మీద పెట్టి జాడీల వైపు చూసింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. తర్వాత నవ్వు మొదలైంది, కుర్చీలో కూలబడి కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"నెలన్నర అక్కా! నెలన్నర! దారం మార్చినాను, వేడి మార్చినాను, మా గైడు చేత తిట్లు తిన్నాను. ఆఖరికి మీయమ్మ బిందెనా!"

"నన్ను తిట్టండి మేడమ్."

"ఏంటికి తిట్టాల? కనుక్కున్నావు గదా."

ఆ రోజే రెండు జాడీలు పెట్టాం, రెండు రోజులాగి మూడోది. ఒకదాంట్లో రోజూ పాతది వంచి కొత్తది పోయడం, రెండోదాంట్లో ద్రవం మార్చకపోవడం. మూడోది నా ఆలోచన. రెండో జాడీలో రెండు రోజులు నిలవున్న ద్రవం కొంచెం తీసి, కణాలు రాకుండా సన్నటి వడపోతలో వడకట్టి, అప్పుడే బాక్టీరియా వేసిన కొత్త జాడీలో కలుపుదామన్నాను. అందులో కణాలు ఇంకా కొన్నే ఉంటాయి, కానీ మాటలు ముందే వచ్చి ఉంటాయి. మేడమ్ నా వైపు వింతగా చూసి, చేద్దామంది. మొదటి జాడీ తెల్లగానే ఉంది. రెండోది మూడో రోజున రంగు తిరిగింది. నాది పెట్టిన మరునాటికే ఊదా పట్టింది. ఆ దారాన్ని వెలుతురుకు పట్టుకుని చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం పెళ్లినాడు కూడా కలగలేదు.

"మన పరిశోధన పేపరులో నీ పేరేస్తాను అక్కా," అంది మేడమ్. "కింద, మాకు సాయం చేసినోళ్లని ఒక వరస ఉంటాది. కారణం కనిపెట్టింది నువ్వేనని ఒక్క వాక్యం రాస్తాను."

నేను అడగలేదు. ఆమె అన్నాక మాత్రం అది తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించింది. నా పేరు అచ్చులో ఉన్నవి రేషను కార్డు, ఓటర్ల జాబితా. జీవితంలో నేను చదివినవన్నీ ఇంకొకరి పేర్లున్న పుస్తకాలు. ఒక్కచోట, ఒక్క వాక్యంలో, ఇది ఈమె కనుక్కుందని ఉంటే ఆ కాగితం తీసుకెళ్లి లైబ్రేరియన్ ముందు పెట్టాలని, ఆయన ఏమి జోకు వేస్తాడో చూడాలని ఉండేది. మా అమ్మకైతే ముందే చెప్పాను. "నీ బిందె సంగతి కూడా రాస్తారంటమ్మా," అంటే, "రానీలే, నీళ్లకు కూడా సదువొచ్చింది ఈ కాలంలో," అంది.

మేడమ్ నా నోటుపుస్తకం అడిగింది. తేదీలు, జాడీల రంగులు, పుస్తకంలో చదివినవాటి సారాంశం, నా అనుమానాలు, అన్నీ తెలుగులో రాసుకున్న రెండు వందల పేజీల పుస్తకం. "వారంలో ఇచ్చేస్తాను అక్కా," అంది. ఇచ్చాను.

మూడు నెలల తర్వాత కాలేజీలో ఒకరోజు సదస్సు జరిగింది. బయటి ఊళ్ల నుంచి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వచ్చారు. నా పని వేదిక మీదికి మంచినీళ్లు అందించడం, తర్వాత వెనక వరసలో నిలబడడం. మేడమ్ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. తెర మీద మా మూడు జాడీల ఫొటో వేసినప్పుడు హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ముందు వరసలోని ఒక పెద్దాయన లేచి, వడకట్టిన పాత ద్రవం కలపాలని మీకెట్లా తట్టిందని అడిగాడు.

అప్పుడు చెబుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే చెంగు సర్దుకున్నాను, అందరూ వెనక్కి తిరిగి చూస్తారేమోనని.

మేడమ్ చిన్నగా నవ్వింది. "మా అమ్మమ్మ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది సార్," అని మొదలుపెట్టింది. రాత్రి నిలవున్న నీళ్లు పొద్దున్నే పారబోసేవారట. ఆ నీళ్లు కరివేపాకు మొదట్లో పోసేవారట. చింతపండుతో బిందె తోమేవారట. "పాసి నీళ్లు" అనేదట వాళ్ల అమ్మమ్మ. జాడీలు తెల్లగా ఉండిపోయినప్పుడు తనకు ఆ బిందె గుర్తొచ్చిందట.

హాలు నవ్వింది. ఆ పెద్దాయన, "సైన్సు మన వంటిళ్లలోనే ఉండాదమ్మా," అని చప్పట్లు కొట్టాడు.

చేతిలో పళ్లెం ఉంది. అందులో ఆరు గ్లాసులు. అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా పట్టుకోవడమే ఆ నిమిషంలో నేను చేయగలిగిన పని. నా ఆలోచనను తీసుకుంటుందేమోనన్న భయం ఎక్కడో మూలన ఉండే ఉంటుంది, అట్లాంటివి జరుగుతాయని చదివాను. మా అమ్మను తీసుకుంటుందని మాత్రం ఊహకు కూడా రాలేదు. ఒకసారి పండక్కి పిలిస్తే వాళ్ల చిత్తూరింట్లో నేను రెండు రోజులు ఉన్నాను. అక్కడ తొట్టి నిండా మూడు రోజుల నీళ్లుంటాయి.

సదస్సు అయ్యాక, వచ్చినవాళ్లకు పంచగా మిగిలిన సంచుల్లో ఒకటి అడిగి తీసుకున్నాను. అందులో సదస్సు పేపర్లన్నీ అచ్చువేసిన పుస్తకం ఉంది. దాన్ని అక్కడ తెరవలేదు. గ్రంథాలయానికి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని, మేడమ్ పేపరు తీసి, ముందు సాయం చేసినవాళ్ల వరస చూశాను. గైడు ఉన్నాడు, ప్రిన్సిపాల్ ఉన్నాడు, మేడమ్ భర్త ఉన్నాడు, తోటలో మట్టి తీసుకోనిచ్చినందుకు వాళ్ల నాయన కూడా ఉన్నాడు. నేను లేను. సరే, ఒక వాక్యం అంది కదా, లోపల ఉంటుందేమోనని మొదటి నుంచి వేలు పెట్టుకుంటూ చదివాను. నాలుగో పేజీలో ఉన్నాను. పేరుతో కాదు. మొదటి ప్రయోగాలు విఫలమవడానికి కారణం, శిక్షణ లేని అటెండరు చెప్పకుండా రోజూ ద్రవాన్ని మార్చడమేనని రాసి ఉంది. 'శిక్షణ లేని' అన్న ఇంగ్లీషు మాట నాకు తెలిసిందే. అయినా నిఘంటువు తీసి చూశాను, ఇంకేదైనా మంచి అర్థం ఉందేమోనని.

మరుసటి రోజు ప్రయోగశాలలో ఇద్దరమే ఉన్నప్పుడు ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఇదేంది మేడమ్?"

ఆమె చూసింది. అప్పటికే ఎదురుచూస్తున్నట్టుగా నిట్టూర్చింది. "కోపమొచ్చిందా అక్కా? పేరు రాయలేదు గదా, ఎవురికి తెలుస్తాది నువ్వేనని?"

"తప్పుకు పేరు రాయలేదు, సరే. కనుక్కున్నదానికి?"

"మా గైడు వద్దన్నాడు. అటెండరు కనుక్కునిందంటే నా డాక్టరేట్ ఏమవుతాదో ఆలోచించు. అయినా తప్పు నీదే గదా అక్కా? నేను అబద్ధమేం రాయలేదే."

"తప్పు నాదే. అది తప్పని కనుక్కున్నదీ నేనే."

"రెండూ ఒకరే అంటే ఎవురు నమ్ముతారు?"

ఆ మాట ఆమె కోపంతో అనలేదు. నాకు లోకం తీరు నేర్పుతున్నట్టు, మెల్లగా అంది. ఇంకేమైనా అంటే ఆమె అదే మెల్లని గొంతుతో ఇంకా మెత్తగా నేర్పేది.

"మా అమ్మ నీళ్లు మీ అమ్మమ్మ ఇంట్లోకి ఎట్లొచ్చినాయి?" అని అడిగాను.

ఆమె ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. "అక్కడ ఏదో ఒకటి చెప్పాల గదక్కా. ఎవురమ్మ అయితే ఏముండాది? మంచి మాటే గదా చెప్పినాను." క్యారియర్ బల్ల మీద పెట్టి, "ఊరగాయ తెచ్చినాను, తిందాం రా," అంది.

నేను వెళ్లలేదు. నోటుపుస్తకం అడిగితే రెండు రోజులకు ఇచ్చింది. పేజీల పక్కన పెన్సిల్‌తో సన్నని గీతలు. ఏ వాక్యం తీసుకోవాలో, ఏది వదిలేయాలో గుర్తులు. మూడో జాడీ పేజీకి రెండు గీతలు. అమ్మ బిందె గురించి నేను ఊరికే, ఆ రోజు దిగులుతో రాసుకున్న పేరాకు మూడు.

ఎవరికైనా ఫిర్యాదు చేయవచ్చని లైబ్రేరియన్ అన్నాడు. ఆయనొక్కడికే చెప్పాను. జోకు వేయలేదు. "నీ చేతిరాతే సాక్ష్యం గదమ్మా," అన్నాడు. ఎవరికి చూపించను? ఆ పుస్తకం నెలల తరబడి ఎవరి దగ్గరుందని అడిగితే నేనే చేతులారా ఇచ్చానని చెప్పాలి. ఇచ్చినప్పుడు ఎంత సంతోషంగా ఇచ్చానో అది ఏ అర్జీలో రాయాలి?

ఇదంతా జరిగి నెల దాటింది. నేను అక్కడే పనిచేస్తున్నాను. ఈ మధ్య మేడమ్ పెద్ద జాడీలు ఆరు పెట్టించింది. వచ్చే నెల ఎవరో చూడడానికి వస్తారట, రంగు వేసిన దారం చూపించాలి. ఇంతకుముందు దారం ఉడికించి కడిగింది నేనే, ఈసారి నా చేతికి ఇవ్వలేదు. కొత్తగా వచ్చిన సహాయకురాలితో ఉడకబెట్టించింది. పట్టుదారాన్ని ముందు చాకలిసోడా నీళ్లలో ఉడికించి దాని జిగురు తీయాలి. తర్వాత ఆ సోడా మొత్తం వదిలేదాకా కడగాలి. ఆ పిల్ల ఒక్కసారి ముంచి తీసింది. నేను చూశాను.

ఆరు జాడీలూ తెల్లగా ఉన్నాయి. ద్రవం ఎవరూ వంచలేదు, మూతల మీద 'ముట్టుకోవద్దు' అని చీటీలు కూడా అంటించారు. అయినా రంగు లేదు. సోడా మిగిలితే ద్రవానికి క్షారగుణం వస్తుంది. ఆ గుణం ఎక్కువైతే బాక్టీరియా వదిలే సందేశపు అణువులు, ఇంకొక కణాన్ని చేరేలోపే విరిగిపోతాయి. అదే లావుపాటి పుస్తకంలో, దాని తర్వాతి అధ్యాయంలో ఉంది. సదస్సు అయ్యాక చదివాను కాబట్టి నా నోటుపుస్తకంలో లేదు.

మొన్న మేడమ్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. కళ్ల కింద నల్లగా ఉంది. మళ్లీ కిటికీ దగ్గర నిలబడడం మొదలైంది ఆమెకు.

"ఏమై ఉంటాదక్కా? నీకేమన్నా తోస్తా ఉండాదా?"

"నాకేం తెలుస్తాది మేడమ్? శిక్షణ లేనిదాన్ని," అన్నాను.

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. నాకు బాగుంటుందనుకున్నాను. బాగోలేదు. ఆ మాట అన్నది నా గొంతే అయినా, ఎవరో నా వెనక నిలబడి అనిపించినట్టు ఉంది. ఏది తెలిసినా పరుగెత్తుకెళ్లి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేని మనిషిని నేను. ఆ మనిషిని కూడా ఆమె తీసుకుందని అప్పుడర్థమైంది.

పొద్దున్నే వెళ్లగానే ముందు ఆ ఆరు జాడీల దగ్గరికే వెళుతున్నాను. చూడకుండా ఉండలేను. దారం నిండా కోట్ల కణాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మాట ఇంకొకదానికి చేరక ఊరికే ఉన్నాయి. మూడో సంవత్సరం పిల్లలు వచ్చి, "రంగెప్పుడొస్తాది ఆంటీ?" అని అడుగుతున్నారు. దారం తీసి మూడు నీళ్లలో కడిగి మళ్లీ పెడితే నాలుగు రోజుల్లో వస్తుందని నా నాలుక చివరిదాకా వస్తుంది. "మేడమ్‌ని అడగండమ్మా," అని గాజు సామాన్లు కడగడానికి వెళ్లిపోతున్నాను.